రుషికొండలో జెట్ స్కీ దగ్గింది!

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారి మన సినిమా వాళ్ళకి కొత్త కాదు. 1978లో వచ్చిన 'మరోచరిత్ర' కోసం బాలచందర్ గారు కమల్ హాసన్‌నీ, సరితనీ తిప్పింది ఈ తీరంలోనే! ఆ దారిలోనే ఉంది రుషికొండ. ఒక పక్క కొండ, మరో పక్క నీలాల సముద్రం. కెమెరా ఎక్కడ పెట్టినా ఫ్రేము అందంగానే వస్తుంది.

అక్కడ కుర్రకారుని ఊరించేది జెట్ స్కీ. నీటి మీద పరిగెత్తే మోటారు సైకిలనుకోండి. అసలు 'జెట్ స్కీ' అన్నది కవాసాకి కంపెనీ 1970ల మొదట్లో తన బండికి పెట్టుకున్న పేరు. ఏ మిషన్‌లో కాపీ తీసినా మనం 'జెరాక్స్' అన్నట్టే, ఇలాంటి బండి ఏదైనా జెట్ స్కీ అయి కూర్చుంది. దీని చుట్టాన్ని తెర మీద చూపించి ఈలలు వేయించినవాడు జేమ్స్ బాండ్. 1977 నాటి 'ద స్పై హూ లవ్డ్ మీ'లో రోజర్ మూర్ ఎక్కిన 'వెట్‌బైక్' గుర్తుందా? దాన్ని రూపొందించిన నెల్సన్ టైలర్, హెలికాప్టర్‌లో కెమెరా కుదుపు లేకుండా నిలిపే అమరిక తయారుచేసినాయనే. సినిమాకీ దీనికీ ఎంత దగ్గర చుట్టరికమో చూడండి!

ఆ ఆదివారం మా మేనల్లుడు "మామయ్యా, ఒక్క రౌండు!" అని ప్రాణం తీస్తే వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. వాడు లైఫ్ జాకెట్టు కట్టుకుని, జుట్టు సవరించుకుని రెడీ. తీరా చూస్తే బండి నడిపే కుర్రాడు తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఆగండి బాబూ. ఇది మరి తియ్యను."

వరసలో గోల మొదలైంది. డబ్బులు కట్టాక ఇదేం న్యాయమన్నారు. దాచడమెందుకు, నేనూ ఓ మాట అన్నాను. అతను మాత్రం తొణకలేదు.

"ఇంజనేమో అరుస్తంది, బండేమో కదల్లేదు. ఇన్నారు కదా? మద్దిలో ఆగిపోతే ఆ పిల్లడి అమ్మకి నానేటి సెప్పను?"

నాకు అర్థం కాలేదని గ్రహించి తనే విడమరిచి చెప్పాడు. ఈ బండికి పడవలా బయటికి కనిపించే పంకా ఉండదు. కడుపు కిందనుంచి నీళ్ళు పీల్చి, లోపలున్న ఇంపెల్లరు వాటిని వెనకనుంచి జోరుగా చిమ్ముతుంది. ఆ చిమ్మే మూతే అటూ ఇటూ తిరిగి బండిని మలుపు తిప్పుతుంది. అంటే, నీటి తోపు లేకపోతే పరుగే కాదు, మలుపూ ఉండదు! భయపడి యాక్సిలరేటర్ వదిలేసినవాడు హ్యాండిల్ ఎంత తిప్పినా చాలా బళ్ళు తిన్నగానే పోతాయట. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు.

నలుగురూ కలిసి బండిని ఒడ్డుకి లాగారు. కింద జాలీలోంచి చూస్తే షాఫ్టుకి చుట్టుకున్న నైలాను తాడు ముక్క! ఏ వలలోంచి తెగిందో. కత్తితో కోసి తీశాడు. "ఇంకేం, అయిపోయిందిగా" అన్నాడు మా వాడు ఆశగా. అతను టార్చిలైటు వేసి చూపించాడు. ఇసక తిని తిని ఇంపెల్లరు అంచు అరిగిపోయింది. దానికీ చుట్టూ ఉన్న రింగుకీ మధ్య సందు పెరిగితే నీటికి పట్టు దొరకదట. "ఇది షెడ్డుకే" అని తేల్చేశాడు. ఫోనులో యజమాని కేకలు మాకూ వినిపించాయి. ఆదివారం కలెక్షన్ పోతే ఎవరికి కోపం రాదు? అయినా ఆ తాళం మాత్రం జేబులోంచి బయటికి రాలేదు.

తర్వాత టీ తాగుతూ జబ్బు లక్షణాలన్నీ వరసగా చెప్పాడు. మీరూ గుర్తుపెట్టుకోండి. చాలా బళ్ళకి పక్కనుంచి సన్నటి నీటిధార వస్తుంటుంది. అది ఆగినా, సన్నబడినా ఇంజనుకి చల్లదనం అందడం లేదన్నమాట. వెంటనే ఆపాలి. ఒళ్ళంతా వణుకుతుంటే ఇంపెల్లరు వంగిందేమో, ఏదైనా ఇరుక్కుందేమో చూడాలి. వెనకభాగం బరువెక్కి మునుగుతుంటే కడుపులోకి నీరు చేరిందని అనుమానించాలి. బయల్దేరే ముందు బిరడాలు బిగించారో లేదో చూడకపోతే అంతే! ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులో నీళ్ళు కలిశాయి, స్టార్టు చేయనే కూడదు. సీటెత్తగానే పెట్రోలు వాసన గుప్పుమంటే బటన్ మీద వేలు పెట్టొద్దు.

అన్నిటికంటే ముఖ్యం మణికట్టుకో జాకెట్టుకో తగిలించే తాడు. అది ఊడగానే ఇంజన్ ఆగాలి. ఆగని బండిని నీళ్ళలోకి దింపకూడదు. అందుకే ఎక్కేముందు ఒక్కసారి లాగి చూపించమని అడగండి. మొహమాటపడొద్దు.

మా వాడు ఆరోజు బాండ్ కాలేకపోయాడు. దారంతా మూతి ముడుచుకునే ఉన్నాడు. తర్వాతి వారం మ్యాటినీకి తీసుకెళ్ళాను. తెర మీద హీరో జెట్ స్కీ మీద దూసుకొస్తున్నాడు, హాలంతా ఈలలు. మా వాడు మాత్రం నా చెవిలో గుసగుసలాడాడు:

"మామయ్యా! పక్కనుంచి నీళ్ళు రావట్లేదు, చూశావా?"