ముక్కలు ఎక్కడ చెయ్యాలి?

హై ఎండ్ ఆడియో గురించి మనవాళ్ళలో రెండే అభిప్రాయాలు. ఒకటి, అది డబ్బున్నవాళ్ళ పిచ్చి. రెండు, ఆ పిచ్చి మనకీ ఉంటే బావుణ్ణు. నేను రెండో రకం. ఇక్కడ మెల్‌బోర్న్‌లో రెండు చలికాలాల పాటు శనివారాలన్నీ గరాజ్‌లో కూర్చుని ఒక ప్రీఆంప్ కట్టాను. గ్రామఫోన్, సీడీ, కంప్యూటర్.. దేన్నుంచి పాట వచ్చినా అందుకుని, వాల్యూమ్ సరిచేసి, పవర్ ఆంప్లిఫయర్‌కి అందించే పెట్టె అది.

కొనుక్కోవచ్చుగా అంటారేమో. అది వెళ్ళేది తెనాలికి, నాన్న దగ్గరికి. ఫోన్లో సంగతి చెప్తే ఆయన అడిగింది ఒకటే: "బానే ఉందిరా, చెడిపోతే ఎవడు బాగుచేస్తాడు?" నేనున్నది సముద్రాల అవతల. అందుకని మాడ్యులర్‌గా కడదామనుకున్నాను.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి మాడ్యూల్ అనేది ఊతపదం. ముక్కలు ఎవడైనా చేస్తాడు, ఎక్కడ కొయ్యాలన్నదే చిక్కు. ప్రోగ్రాంలో ముక్కకీ ముక్కకీ మధ్య గీత గీస్తే పెద్దగా ఖర్చుండదు. ఆడియోలో ప్రతి గీతా ఒక కనెక్టరు. అంటే కోస్తా తేమకి చిలుమెక్కే ఇంకో చోటు, గుయ్‌మనే హమ్ దూరడానికి ఇంకో సందు. అందుకే ఒక సూత్రం పెట్టుకున్నాను: ఒకే వేగంతో ముసలివయ్యేవన్నీ ఒకే బోర్డు మీద ఉండాలి.

డిజిటల్ భాగం తొందరగా పాతబడుతుంది. ఇవాళ్టి బ్లూటూత్ నాలుగేళ్ళకి ఎవరికీ అక్కర్లేదు. అనలాగ్ అలా కాదు. సిగ్నెటిక్స్ వాళ్ళు 1979లో తెచ్చిన ఎన్ఈ5532 ఆప్‌ఆంప్ చిప్ ఇప్పటికీ తయారవుతోంది, ఇప్పటికీ మర్యాదస్తుడే. ఇక పవర్ సప్లైలో పెద్ద కెపాసిటర్లు వేడికి మెల్లగా ఎండిపోతాయి. అంటే మూడు ఆయుర్దాయాలు, మూడు బోర్డులు.

పవర్ సప్లైని వేరే పెట్టెలోకే తోసేశాను. సీడీ ప్లేయర్ ఇచ్చేది 2 వోల్టులైతే, మామూలు గ్రామఫోన్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. నాలుగు వందల రెట్లు తక్కువ! అంత సన్నని సిగ్నల్ పక్కన ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుంటే పాటకన్నా ముందు 50 హెర్ట్జ్ హమ్ వినిపిస్తుంది. పైగా అసలు పెట్టెలోకి కరెంటు నేరుగా రాదు కాబట్టి మూత తీసినవాడికి షాక్ భయం లేదు. అన్నట్టు, ఆస్ట్రేలియాలోనూ ఇండియాలోనూ లెక్క ఒకటే, 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు మారిస్తే చాలు. అమెరికా తమ్ముళ్ళకి ఈ సుఖం లేదు.

ఇలా బోర్డులుగా కట్టడం నేను కనిపెట్టిందేమీ కాదు. ఇక్కడ 1987లో మొదలైన సిలికాన్ చిప్ పత్రిక ఆంప్లిఫయర్, ప్రీఆంప్, స్పీకర్ ప్రొటెక్టర్ డిజైన్లని విడివిడి బోర్డులుగా ప్రచురిస్తూ వచ్చింది. మెల్‌బోర్న్‌లోని బర్సన్ ఆడియో వాళ్ళయితే విడి ట్రాన్సిస్టర్లతో ఆప్‌ఆంప్ కట్టి, మామూలు చిప్ కూర్చునే ఎనిమిది కాళ్ళ సాకెట్‌లోనే పట్టేట్టు అమ్ముతారు. నేనూ చిప్‌లని సోల్డర్ చెయ్యకుండా సాకెట్లలో పెట్టాను. పాడైతే పీకి కొత్తది గుచ్చడమే.

కానీ సాకెట్‌లో పట్టినంత మాత్రాన పనిచేస్తుందని కాదు. ఎన్ఈ5534కీ ఎనిమిది కాళ్ళే, కానీ అందులో ఉన్నది ఒకే ఆంప్, 5532లో రెండు. ఏ కాలు ఏమిటన్నదే వేరు. ఇంకొన్ని వేగమైన చిప్‌లు, సర్క్యూట్ నచ్చకపోతే చెవికందని ఫ్రీక్వెన్సీలో ఊగిపోతూ వేడెక్కుతాయి. ఫంక్షన్ పేరు కలిసినా ప్రవర్తన కలవకపోవడం మన ప్రోగ్రామర్లు రోజూ చూసేదేగా! అందుకే ప్రతి సాకెట్ పక్కనా ఏ చిప్ పెట్టాలో బోర్డు మీదే తెలుగులో అచ్చు వేయించాను. తెనాలిలో టీవీలు బాగుచేసే అతను అది చూసి నవ్వాడు గానీ, నేను మాట సాయం చెయ్యకుండానే చిప్ మార్చి చూపించాడు.

అన్నిటికన్నా ఎక్కువ ఊరించింది వాల్యూమ్. రిలేలతో మెట్లు మెట్లుగా కడితే కుడి ఎడమలు చక్కగా సరితూగుతాయి, రిమోటూ పెట్టుకోవచ్చు. కానీ దానికి మైక్రోకంట్రోలర్ కావాలి, దానిలో నేను రాసిన ప్రోగ్రాం ఉండాలి. అది మొరాయిస్తే తెనాలిలో దిక్కెవరు? సాఫ్ట్‌వేర్ మీద బతుకుతూ కూడా పాట దారిలో సాఫ్ట్‌వేర్ వద్దనుకుని, మామూలు తిప్పుడు పొటెన్షియోమీటర్ పెట్టాను. బాగా తగ్గించినప్పుడు కుడి ఎడమలు కాస్త తేడా వస్తాయి. అది తెలిసే ఒప్పుకున్నాను.

రిమోట్ లేదేమిట్రా అని నాన్న ఇప్పటికీ సణుగుతారు. పాటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యడం ఆయనకి మంచిదేనని అమ్మ తీర్పు.