ఇంధనశుద్ధి

మనిషికి అన్నం ఎంతటిదో యంత్రానికి ఇంధనం అంతటిది. అయితే ఈ రెండింటికీ నడుమ ఒక భేదం ఉన్నది. అన్నంలో రాయి ఉంటే పంటికి తగులుతుంది. పాలలో నీళ్ళు కలిస్తే నాలుకకు తెలుస్తుంది. పెట్రోలు మాత్రం గొట్టంలో నుంచి నేరుగా ట్యాంకులోకి పోతుంది. కొన్నవాడు దానిని చూడడు, తాకడు, రుచి చూడడు. దానిని స్వీకరించే యంత్రానికి చెప్పుకోవడానికి నోరు లేదు. కనుక పెట్రోలు కొనడమంటే, ముఖపరిచయమైనా లేని ఒక మనిషి నిజాయితీని నమ్మి డబ్బు చెల్లించడమే.

గూడూరు ఇటువంటి నమ్మకం మీద రాత్రింబవళ్ళు నడిచే ఊరు. ఈ పట్టణం పక్క నుంచే చెన్నై – కోల్‌కతా జాతీయ రహదారి సాగిపోతుంది. నిమ్మకాయల మూటలతో మార్కెట్టుకు చేరే వాహనాలు, తిరుమల యాత్రికుల కార్లు, రోగులతో చెన్నై ఆసుపత్రులకు పరుగెత్తే బండ్లు ఆ దారిన వెళుతుంటాయి. గూడూరు నుంచి చెన్నై సుమారు 140 కిలోమీటర్లు. నడిరేయి, నడిదారిలో ఇంజను మొరాయిస్తే ఆ ప్రయాణికుడు పోగొట్టుకొనేది డబ్బు ఒక్కటే కాదు.

ఇంధనం మంచిచెడ్డలు తెలియాలంటే ఇంజను పనితీరు కొంత తెలియాలి. జర్మనీకి చెందిన నికొలాస్ ఒటో 1876లో రూపొందించిన నాలుగు దశల యంత్రమే నేటి కారు ఇంజనుకు మూలం. పెట్రోలు ఆవిరీ గాలీ కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది. సరైన క్షణంలో స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వను రాలుస్తుంది. మంట క్రమంగా వ్యాపించి పిస్టన్‌ను కిందికి నెడుతుంది. నాసిరకం ఇంధనం ఆ ఒత్తిడికి తాళలేదు. మంట తనను చేరకముందే తనంతట తాను భగ్గుమంటుంది. అప్పుడు ఇంజను లోపల సుత్తితో కొట్టినట్లు శబ్దం వస్తుంది. దీనినే ‘నాకింగ్’ అంటారు. ఇది అలాగే కొనసాగితే పిస్టన్ దెబ్బతింటుంది.

ఈ ఓర్పును కొలిచేదే ఆక్టేన్ సంఖ్య. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, నార్మల్ హెప్టేన్ అనే ద్రవానికి 0 విలువ నిర్ణయించి, మిగిలినవాటిని వాటితో పోల్చి చూస్తారు. మన దేశంలో భారత్ స్టేజ్ రెండవ ప్రమాణం నాటికి 88గా ఉన్న ఈ సంఖ్య నాలుగవ ప్రమాణానికి 91కి పెరిగింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలులో అది 95. ఆక్టేన్ సంఖ్య పెరిగితే బండి బలం పెరుగుతుందని పలువురు భ్రమపడతారు. అది బలానికి కొలత కాదు, ఒత్తిడిని ఓర్చుకొనే గుణానికి కొలత. తక్కువ ఒత్తిడితో పనిచేసే ఇంజనుకు అధిక ధర పెట్టి అధిక ఆక్టేన్ పెట్రోలు పోసినా ఒరిగేది స్వల్పమే.

ఇంజనుకు మేలు చేసినదల్లా మనిషికి మేలు చేయాలన్న నియమం లేదు. 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ సీసపు సమ్మేళనం కలిపి నాకింగ్‌ను నివారించాడు. ఇంజను శాంతించింది, పొగలోని సీసం మాత్రం పసిపిల్లల మెదళ్ళను దెబ్బతీసింది. మన దేశంలో 1995లో మద్రాసుతో సహా నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు పొగను శుద్ధిచేసే పరికరాన్ని తప్పనిసరి చేశారు. సీసం ఆ పరికరాన్ని పాడుచేస్తుంది కనుక వాటికి సీసం లేని పెట్రోలు అవసరమైంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసపు పెట్రోలు ఆగిపోయింది. చివరగా 2021లో అల్జీరియా దానిని విడిచిపెట్టింది. గంధకం విషయంలోనూ ఇదే పట్టుదల కనిపిస్తుంది. భారత్ స్టేజ్ రెండవ ప్రమాణంలో కిలో పెట్రోలుకు 500 మిల్లీగ్రాముల వరకు అనుమతించిన గంధకాన్ని, 2020లో దేశమంతటా అమలులోకి వచ్చిన ఆరవ ప్రమాణం 10 మిల్లీగ్రాములకు తగ్గించింది.

శుద్ధి కర్మాగారంలో ఇంత శ్రమించి సాధించిన నాణ్యతను కల్తీదారుడు క్షణంలో మట్టిపాలు చేయగలడు. చౌకడిపోలలో రాయితీపై ఇచ్చిన నీలిరంగు కిరోసిన్ ఒకప్పుడు ఇంధన వ్యాపారంలోని దురాశాపరులకు వరమైంది. కిరోసిన్ త్వరగా ఆవిరి కాదు, పూర్తిగా మండదు. మసి ప్లగ్గులకూ కవాటాలకూ పట్టుకుంటుంది. మండని భాగం పిస్టన్ అంచుల వెంట జారి ఇంజను ఆయిలును పలుచన చేస్తుంది. లోపలి భాగాలు ఒరుసుకొని అరిగిపోతాయి. “ఎత్తు ఎక్కేటప్పుడు టకటకా కొట్టుకుంటా ఉండాదన్నా, గుంజడం లేదు” అని బండివాడు మొరపెట్టుకుంటే, “పెట్రోలు యాడ పోయించినావు?” అని అనుభవజ్ఞుడైన మెకానిక్కు ముందుగా అడిగేది అందుకే.

ఈ కల్తీని ఎదిరించి ప్రాణమిచ్చినవాడు ఒకడున్నాడు. చిత్తూరు సీమకు పొరుగున ఉన్న కోలారు బంగారు గనుల ఊరిలో పెరిగిన షణ్ముగం మంజునాథ్, లక్నోలోని ఐ.ఐ.ఎం.లో చదివి ఇండియన్ ఆయిల్ సంస్థలో అధికారి అయ్యాడు. ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ ఇంధనం అమ్మిన ఒక బంకును మూయించాడు. అది తిరిగి తెరచిన తరువాత మళ్ళీ తనిఖీకి వెళ్ళి, 2005 నవంబరులో హత్యకు గురయ్యాడు. అప్పటికి అతని వయసు 27 ఏళ్ళు. దోషుల యావజ్జీవ శిక్షను 2015లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. పెట్రోలు స్వచ్ఛత ప్రయోగశాలకు మాత్రమే సంబంధించిన విషయం కాదనడానికి ఇంతకన్న నిదర్శనం ఏమి కావాలి?

నేటి సమస్యల స్వరూపం మారింది. ఇథనాల్ మిశ్రమం వల్ల విదేశీ చమురుపై ఆధారపడటం తగ్గుతుంది, చెరకు, మొక్కజొన్న రైతులకు గిరాకీ పెరుగుతుంది. కానీ ఇథనాల్‌కు నీటిని పీల్చుకొనే స్వభావం ఉన్నది. గూడూరు ప్రాంతంలో కార్తీక మాసపు తుపానుల వేళ భూగర్భ ట్యాంకులోకి నీరు చేరి హద్దు మీరితే, ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరుపడతాయి. అటువంటి ద్రవంతో ఇంజను కదలదు. మరొక మాట. 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక ప్రకారం, ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి 10 శాతం మిశ్రమానికి సరిచేసిన కార్లలో, 20 శాతం మిశ్రమం వల్ల మైలేజీ 6 – 7 శాతం తగ్గవచ్చు. పాత బండి యజమాని తయారీదారు ఇచ్చిన పుస్తకాన్ని ఒకసారి తిరగవేయడం వివేకం.

గూడూరుకు చేరువలోనే శ్రీహరికోట ఉన్నది. 2013 ఆగస్టు 19న ఇంధనం కారుతున్నదని గుర్తించి, గంటకు పైగా వ్యవధి ఉండగానే జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ప్రయోగాన్ని శాస్త్రవేత్తలు నిలిపివేశారు. లోపాన్ని సరిదిద్ది 2014 జనవరి 5న విజయం సాధించారు. రాకెట్టుకు వందల కళ్ళ కాపలా ఉంటుంది. రహదారి మీది కారుకు దాని యజమాని కళ్ళే కాపలా.

ఆ కాపలాకు చట్టం కొన్ని సాధనాలిచ్చింది. బంకులో వడపోత కాగితం అడిగి దాని మీద ఒక చుక్క పెట్రోలు వేయించాలి. శుద్ధమైనదైతే ఆరిపోతుంది, ముదురు మరక మిగిలితే అనుమానించాలి. సాంద్రతను కొలిపించి అక్కడి నమోదుతో పోల్చాలి. 15 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచూసినప్పుడు తేడా ఘనపు మీటరుకు 3 కిలోలను మించరాదు. పరిమాణంపై సందేహం వస్తే 5 లీటర్ల కొలపాత్రతో కొలిపించాలి. రసీదు తప్పక తీసుకోవాలి. ఇవి అడగడం తగవు కాదు, హక్కు.

అమ్మేవాడికి నీతి, కొనేవాడికి ఎరుక – ఈ రెండూ ఉన్నప్పుడే ఇంజను చల్లగా నడుస్తుంది. రేపు బండి నడిపేవారూ, ఇంధనం అమ్మేవారూ, దానిని తనిఖీ చేసేవారూ నేటి విద్యార్థులే. తమవంతు వచ్చిననాడు ఆ నమ్మకాన్ని నిలబెట్టడమే మంజునాథ్ వంటివారికి వారు అర్పించగల నిజమైన నివాళి.