ఒకే ఇంట్లో మూడు రకాల కాగితాలు

మార్చి దగ్గరపడితే చాలు, డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో గాల్వెస్టన్ పేరు మోగిపోతుంది. స్కూళ్లకు స్ప్రింగ్ బ్రేక్. కారెక్కితే ఐదారు గంటల్లో రేవు. అక్కణ్ణుంచి మెక్సికోలోని కొజుమెల్, కోస్టా మాయా చూపించి మళ్లీ అదే రేవులో దింపే ఓడలు. విమానం టికెట్లు కొనే పని లేదు, వంట లేదు, అంట్లు లేవు. నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్తే పిల్లల లోకం పిల్లలది, పెద్దల పేకాట పెద్దలది. గదులు బుక్ చేసి డబ్బు కట్టేశాక ఎవరో ఒకరు తాపీగా అడుగుతారు: "అక్కా, మా చిన్నాడికి బర్త్ సర్టిఫికెట్ చాలంటగా?"

క్షణాల్లో పది జవాబులు వస్తాయి. పదీ ఎవరో ఒకరి అనుభవంలో నిజమైనవే. చిక్కంతా అక్కడే ఉంది.

చాలన్న మాట ఎక్కడినుంచి వచ్చిందంటే, రోడ్డు మీదా సముద్రం మీదా సరిహద్దు దాటి వచ్చేవాళ్లకు పాస్‌పోర్టు, లేదా దానికి సరిసమానమైన కాగితం ఉండాలని అమెరికా 2009 జూన్ 1 నుంచి నిబంధన పెట్టింది. అప్పుడే ఈ ఓడలకు ఒక వెసులుబాటు ఇచ్చింది. బయల్దేరిన అమెరికా రేవుకే తిరిగొచ్చే ఓడని క్లోజ్డ్ లూప్ క్రూయిజ్ అంటారు. అందులో వెళ్లే అమెరికా పౌరులు బర్త్ సర్టిఫికెట్, ఫొటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపిస్తే తిరిగి రానిస్తారు. పదహారేళ్లు నిండని పిల్లలకైతే సర్టిఫికెట్ ఒక్కటే చాలు, జిరాక్స్ అయినా సరే. ఆసుపత్రివాళ్లు బుజ్జి పాదముద్రలు వేసి ముచ్చటగా ఇచ్చేది మాత్రం చెల్లదు. కౌంటీయో రాష్ట్రమో ఇచ్చినదే కావాలి.

ఆ నిబంధనలో మన ఇళ్లకు తగిలే మాట 'అమెరికా పౌరులు' అన్నది. మా పక్కవీధి కుటుంబాన్నే చూడండి. భార్యాభర్తలిద్దరూ హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు. పెద్దపిల్ల హైదరాబాద్‌లో పుట్టింది కాబట్టి భారత పాస్‌పోర్టు, హెచ్4 వీసా. చిన్నాడు ప్లేనోలో పుట్టిన అమెరికా పౌరుడు. ఇంకా మాటలు సరిగా రాని వాడికి సర్టిఫికెట్ ఒక్కటి ఉంటే చాలు. స్పెల్లింగ్ పోటీలో బహుమతులు తెచ్చుకునే వాళ్లక్కకు మాత్రం గడువున్న పాస్‌పోర్టుతో పాటు, అందులో గడువున్న వీసా స్టాంపు కూడా ఉండాలి. అమ్మానాన్నలకూ అంతే. హెచ్1బీ పొడిగించిన కాగితం ఇంటికి వచ్చింది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ కాగితం ఇక్కడ ఉండనిస్తుందే గానీ, బయటికెళ్లి తిరిగి రావడానికి పనికిరాదు. ముప్పై రోజులు మించకుండా కెనడాకో మెక్సికోకో వెళ్లొచ్చేవాళ్లకు పాత స్టాంపుతోనే రానిచ్చే మినహాయింపు ఒకటుంది. హెచ్ వీసాలవాళ్లకు అది ఆ రెండు దేశాలకే పరిమితం. ఓడ దారిలో బహామాస్‌కో జమైకాకో వెళ్లిందంటే అది వర్తించదు. పైగా రేవులో కౌంటర్ దగ్గర కూర్చున్న ఓడ కంపెనీ ఉద్యోగికి ఈ మినహాయింపు మీద పాఠం చెప్పి ఒప్పించడం మన వల్ల అయ్యే పని కాదు. స్టాంపుతో ఇంకో లాభం కూడా ఉంది: గడువున్న అమెరికా వీసా ఉంటే భారత పాస్‌పోర్టువాళ్లను మెక్సికో విడిగా వీసా అడగదు.

అందుకే ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. పిల్లలకు ఏం కావాలని కాదు, ఇంట్లో అందరికంటే బలహీనమైన కాగితం ఎవరిదో ముందు చూడండి. దాన్నిబట్టి ఓడ ఎంచుకోండి.

ఆ బలహీనమైన కాగితం ఎక్కువగా పెద్దపిల్లదే అవుతుంది. భారత్‌లో పిల్లల పాస్‌పోర్టు మామూలుగా ఐదేళ్లకే ఇస్తారు. పెద్దవాళ్లది పదేళ్లు. తిరిగొచ్చేటప్పుడు వీసా ఎన్నాళ్లున్నా, పాస్‌పోర్టు ముందే ముగిసేట్టుంటే ఇక్కడి అధికారి ఐ94, అంటే ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే పత్రం, గడువును ఆ తేదీకే కుదించేస్తాడు. నాన్నకు మూడేళ్లు, పాపకు ఎనిమిది నెలలు! ఆ తేదీ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. వెతికి చూసుకుంటే తప్ప తెలియదు, ఓడ దిగిన అలసటలో వెతికేవాళ్లెవరు?

ఇంకో రకం ఇళ్లున్నాయి. తల్లో తండ్రో ఈమధ్యే ప్రమాణం చేసి పౌరసత్వం తీసుకున్నారు. గ్రీన్‌కార్డు మీద వాళ్ల దగ్గరే పెరుగుతున్న పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు అదే ఘడియలో పౌరసత్వం వచ్చేస్తుంది. 2001 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న చట్టం అది. పౌరసత్వమైతే వచ్చింది గానీ ఆ సంగతి చెప్పే కాగితం ఏదీ దానంతటది ఇంటికి రాదు. చేతిలో ఉన్నది విజయవాడ మున్సిపాలిటీ బర్త్ సర్టిఫికెట్. పిల్లవాడు అమెరికన్ అని అది చెప్పదు. అలాంటి పిల్లలకు ముందుగా అమెరికా పాస్‌పోర్టు చేయించాలి, ఓడ సంగతి తర్వాత.

ఇక పేర్ల తంటా. నా పాస్‌పోర్టులో ఇప్పటికీ పుట్టింటి ఇంటిపేరే ఉంది, మా అమ్మాయికి వాళ్ల నాన్న ఇంటిపేరు. ఓసారి మా ఆయనకు సెలవు దొరక్క మేమిద్దరమే స్నేహితులతో వెళ్లొచ్చాం. తిరిగొచ్చేటప్పుడు అధికారి నన్ను వదిలేసి దాన్ని పలకరించాడు. "ఈవిడ ఎవరు?" "మా అమ్మ." "ఆ వెనకున్నావిడ?" "ఆంటీ." "ఆ పక్కనున్నాయన?" "అంకుల్." "నీకు ఎంతమంది ఆంటీలున్నారు?" అంటే అది వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆయన నవ్వాడు గానీ, నా చేతిలో ఉన్న ఉత్తరం చదివాకే పంపించాడు. ఇద్దరిలో ఒకరే పిల్లల్ని తీసుకెళ్తున్నప్పుడు రెండోవారు తమకు సమ్మతమేనని రాసి నోటరీ చేయించిన ఉత్తరం అది. ఇది తప్పనిసరి కాదు, ఉంటే మంచిదని అమెరికా సరిహద్దు శాఖ సలహా. పిల్లల్ని కన్నవాళ్లలో ఒకరే ఎత్తుకుపోయే కేసులు ఉన్నాయి కాబట్టి అడుగుతారు. అందులో నొచ్చుకోవడానికేం లేదు. ఇంటిపేర్లు కలవని మన ఇళ్లలో దానికి తోడు బర్త్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. తల్లి పేరు, బిడ్డ పేరు అందులో ఒకేచోట కనిపిస్తాయి.

సర్టిఫికెట్‌తో పోయేదానికి పాస్‌పోర్టు ఖర్చెందుకు అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఓడలో వెళ్లి ఓడలో వస్తేనే ఆ వెసులుబాటు. కొజుమెల్‌లో దిగిన పిల్లవాడికి అపెండిసైటిస్ వచ్చి అక్కడి ఆసుపత్రిలో చేర్చారనుకోండి. ఓడ ఆగదు. కోలుకున్నాక ఇంటికి విమానంలో రావాలి, విమానానికి పాస్‌పోర్టు కావాలి. పరాయి దేశంలో, ఆపరేషన్ అయిన పిల్లవాడిని పక్కన పెట్టుకుని కాన్సులేట్‌కు ఫోన్లు చేయడం ఎంత నరకమో ఊహించుకోవచ్చు. చౌకగా వస్తుందని తీసుకునే పాస్‌పోర్టు కార్డు కూడా అంతర్జాతీయ విమానానికి పనికిరాదు. పుస్తకమే కావాలి.

పదహారేళ్లలోపు వాళ్లకు ఆ పుస్తకం ఖరీదు 100 డాలర్లు, దరఖాస్తు తీసుకున్నచోట మరో 35. ఐదేళ్లు చెల్లుతుంది. పిల్లతో పాటు తల్లీ తండ్రీ ఇద్దరూ పోస్టాఫీసుకు వెళ్లాలి. ఒకరు రాలేకపోతే నోటరీ చేసిన సమ్మతి పత్రం పంపాలి. ఫారం మీద సంతకం అక్కడి ఉద్యోగి ఎదుటే పెట్టాలి, ఇంట్లో పెట్టుకుని వెళ్తే మళ్లీ కొత్త ఫారం నింపిస్తారు. అన్నిటికంటే పెద్ద పని పసిపిల్లల ఫొటో. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి పడుకోబెట్టి, కుర్చీ ఎక్కి పైనుంచి తీస్తాం. ముఖం మీద నీడ పడకూడదు, తల పట్టుకున్న అమ్మమ్మ చెయ్యి కనబడకూడదు, నోట్లో పాలపీక ఉండకూడదు. దిష్టిచుక్క తుడవడానికి అమ్మమ్మ ఒప్పుకోవాలి. నాలుగు నెలల వయసులో తీసిన ఆ గుండు ఫొటోతోనే పిల్ల కిండర్‌గార్టెన్ దాకా తిరుగుతుంది.

పిల్లకు ఓసీఐ (విదేశీ భారతీయ పౌరుల కార్డు) ఉంటే, కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ దాని కాపీ, కొత్త ఫొటో ఓసీఐ సైట్‌లో ఎక్కించాలి. ఇరవయ్యేళ్లు వచ్చేదాకా ఇంతే. ఒకప్పుడు ప్రతిసారీ కార్డే మార్పించాల్సి వచ్చేది, 2021లో ఆ బాధ తగ్గించారు. ఎక్కించడానికి ఫీజు లేదు. మా ఇంట్లో ఆ పని మా ఆయనది, ఇంకా చెయ్యలేదు.