బావుల మీద నిలిచిన చర్చి

భీమవరంలో స్థలం కొన్నవాళ్లు ముందు వాస్తు చూపిస్తారు. తాపీమేస్త్రీ మాత్రం ఇంకోటి అడుగుతాడు... 'అడుగున ఏముందండీ?' అని. ఒకప్పుడు అది వరిచేనై ఉండొచ్చు. పూడ్చేసిన చేపల చెరువూ కావచ్చు. వానలకి ఉబ్బి, ఎండలకి బీటలు తీసే నల్లమట్టి మీద ఎంత ఖర్చుపెట్టి కట్టినా గోడ పగుళ్లిస్తుందేమోనన్న బెంగ తప్పదు.

అలాంటివాళ్లు చెన్నై వెళ్లినప్పుడు ఎగ్మూరు స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌ని ఓసారి చూసి రావాలి. కిర్క్ అంటే స్కాట్లండ్ వాళ్ల మాటలో చర్చి. ఈస్టిండియా కంపెనీ కొలువులో స్కాట్లండ్ వాళ్లు చాలామందే ఉండేవారు. వాళ్లది ప్రెస్బిటేరియన్ సంప్రదాయం. అందులో బిషప్పులుండరు, సంఘ పెద్దలే వ్యవహారాలు నడుపుతారు. తమకంటూ ఓ ప్రార్థనా మందిరం కావాలనుకున్నారు. కోటకి దూరంగా, అప్పటి మద్రాసు శివారు ఎగ్మూరులో 1818 ఏప్రిల్ 6న శంకుస్థాపన జరిగింది.

చిక్కల్లా నేలతోనే. అక్కడిది మెత్తటి నేల. కట్టాల్సిందేమో 160 అడుగులు దాటిన శిఖరం, 50 అడుగుల పైచిలుకు వెడల్పున్న గుమ్మటం, దాన్ని మోసే 16 స్తంభాలు. పైగా చెదల భయంతో పైకప్పుకి కలప వద్దనుకున్నారు. అంటే బరువంతా ఇటుకా సున్నానిదే!

కంపెనీ ఇంజినీరు థామస్ ఫియట్ డి హావిలాండ్ దీనికి ఓ ఉపాయం పట్టాడు. చర్చి కింద వందకు పైగా బావులు దింపించాడు. కొన్ని 14 అడుగులు, కొన్ని 50 అడుగుల దాకా. నీళ్లు తోడుకోవడానికి కాదు, భవనాన్ని మోయడానికి. పల్లెల్లో ఒరల బావి తవ్వడం చూసినవాళ్లకి ఈ పద్ధతి చెప్పక్కర్లేదు. నేల మీద ఒర పెట్టి లోపలి మట్టి తోడుతుంటే ఒర తన బరువుకి తానే కిందికి దిగుతుంది. దానిమీద ఇంకోటి... అలా గట్టి పొర తగిలేదాకా!

1821 ఫిబ్రవరి 25న చర్చి ప్రారంభమైంది. లోపల గుమ్మటానికి నీలిరంగు వేసి నక్షత్రాలు చిత్రించారు. తలెత్తి చూస్తే ఆకాశమే. రెండు వందల ఏళ్లు దాటినా ఇప్పటికీ అక్కడ ఆరాధనలు జరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడది చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాకి చెందింది.

సరిగ్గా ఆ 1821లోనే ఓ కుర్ర ఇంజినీరు మద్రాసులో అడుగుపెట్టాడు. ఆయనే మన కాటన్ దొర. ఇసుకలో పునాది నిలబెట్టడం ఎలాగో తనకి నేర్పింది ఈ దేశపు పాతకాలం నిర్మాతలేనని తర్వాత ఆయనే దాపరికం లేకుండా రాశాడు. కావేరి మీది ప్రాచీన కల్లణై ఆనకట్టే ఆయనకి బడి. ఆ పాఠాన్నే ధవళేశ్వరం తెచ్చాడు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టకి గోదావరి ఇసుకలో బావులు దించే పునాది వేశారు. ఆ పాత ఆనకట్ట చోట 1982కి కొత్త బ్యారేజీ వచ్చింది. కానీ భీమవరం చేలకి కాలవ నీళ్లొచ్చింది మాత్రం ఆ ఇసుకలోని పునాది నిలబడబట్టే.

చర్చికీ ఆనకట్టకీ పోలికే లేదు. ఒకటి ప్రార్థనకి, ఇంకోటి పంటకి. రెంటినీ మోసింది మాత్రం ఒకే విద్య. బావులు తవ్వే పనివాళ్ల చేతుల్లో తరాలుగా ఉన్న విద్య. డి హావిలాండ్ పేరు పుస్తకాల్లో ఉంది. కాటన్ విగ్రహం డెల్టాలో ఊరూరా ఉంది. 50 అడుగుల లోతున ఒరలో నిలబడి మట్టి తోడినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

ఇప్పుడు బోరు దింపి మట్టి పరీక్ష చేసే యంత్రాలొచ్చాయి. పైల్ పునాదులొచ్చాయి. అయినా గోడల రంగుకీ గేటు డిజైనుకీ రోజుల తరబడి ఆలోచించే మనం పునాది ఖర్చు దగ్గరకొచ్చేసరికి బేరమాడతాం. ఎవరికీ కనపడదు కదా అని! కిర్క్ కింది బావులూ రెండు శతాబ్దాలుగా ఎవరికీ కనపడలేదు. పైనున్న శిఖరం మాత్రం ఒరగలేదు.