చెత్తబుట్ట లేని మీట

మేమిద్దరం ఇంట్లో కూర్చుని, మా వెబ్‌సైటు ఫైళ్లను సర్దుకొనే చిన్న ప్రోగ్రామును సొంతంగా వ్రాసుకొన్నాము. వాడినది 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ లోకానికి అందించిన పీహెచ్‌పీ భాష.

ఒక రాత్రి పొరపాటున అమ్మ ఫొటోలన్నీ చెరిపివేశాము. ఆ భాషలోని 'అన్‌లింక్' ఆజ్ఞకు చెత్తబుట్ట లేదు. ఫైలు తీసివేయడమే దాని పని. "నీ వల్లే" అంటే "నీ వల్లే" అనుకొని, మాటలు లేకుండా పడుకొన్నాము. తెల్లవారి పాత సీడీలో కొన్ని దొరికాయి, మిగిలినవి పోయాయి.

ఆ దినమే ప్రోగ్రామును మార్చాము. ఇప్పుడు 'చెరుపు' మీట నొక్కితే, 'రీనేమ్' ఆజ్ఞ ఫైలును వేరొక ఫోల్డరులోకి జరుపుతుంది. 30 దినాలు అక్కడే ఉంటుంది.

ప్రియ చదువరులారా, నోటి మాటకు అటువంటి బుట్ట లేదు. గనుక పలికే ముందే ఆగుట నేర్చుకొంటున్నాము.