నీరు పండే నేల

మా మ్యూజియంలో ఏ వస్తువునైనా ప్రదర్శనకు తేవాలంటే ముందు ఒక పత్రం నింపాలి. తయారీకి ఎంత కరెంటు పట్టింది, ఎన్ని నీళ్లు ఖర్చయ్యాయి, ఎంత దూరం నుంచి వచ్చింది, పాడయ్యాక మట్టిలో కలుస్తుందా అని అందులో గడులుంటాయి. భూమికి బరువు కాని డిజైన్ మీద పరిశోధన చేసే విభాగాన్ని నేను నడుపుతున్నాను. ఆ పత్రం రాసిందీ నేనే. లండన్‌లో ఈ పని మా ఒక్కరిదే కాదు. ఇక్కడి డిజైన్ మ్యూజియం 2021లో ఫ్యూచర్ అబ్జర్వేటరీ పేరుతో ఇలాంటి పరిశోధన కోసమే ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. కుర్చీలూ దీపాలూ అందంగా పేర్చి చూపించే మ్యూజియాలు, వాటి వెనక ఉన్న గనుల్నీ అడవుల్నీ చెత్తకుప్పల్నీ చూపించక తప్పని కాలం వచ్చింది.

ఒకసారి మా సమావేశంలో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ నగరం నుంచి వచ్చిన ఫొటోలు చూశాం. అక్కడి లూమా కళాసంస్థకు ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ కట్టిన గోపురంలో లిఫ్టుల దగ్గర గోడలకు ఉప్పు పలకలు తాపడం చేశారు. దగ్గర్లోని కామార్గ్ ప్రాంతపు ఉప్పు మడుల్లో చిక్కటి నీళ్లలో వలల్ని ముంచి ఉంచితే వాటి మీద స్ఫటికాలు పేరుకుని పలకలవుతాయి. హెన్నా బర్నీ అనే డిజైనర్ అక్కడి ఉప్పు పనివాళ్ల దగ్గర నేర్చుకుని చేసిన పని అది. గొప్పగా ఉంది. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. మాది ఉప్పు పండే ఊరేనని చెప్పాను. "అయితే అక్కడి నుంచి ఏ వస్తువు తెస్తావు?" అని అడిగారు.

జవాబు తోచలేదు. మా నౌపడ నుంచి ఏం తేవాలి?

హౌరా నుంచి మద్రాసు వైపు రైల్లో వచ్చేవాళ్లకు మా ఊరు కిటికీలోంచి కనిపించే తెల్లటి కుప్పల వరస. పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు 1900లో బయల్దేరింది ఇక్కడి నుంచే. ఆ పట్టాలు పోయి 2011 కల్లా గుణుపురం దాకా పెద్ద పట్టాలు పడ్డాయి. మా తాత ఉప్పు మడుల్లో పనిచేశాడు. మా చిన్నాన్న ఇప్పటికీ చేస్తున్నాడు. మా నాన్న చదువుకుని బయటపడ్డాడు. ఇంట్లో ఆ మాటే వాడేవాళ్లం, బయటపడ్డాడు అని.

మొన్న ఫిబ్రవరిలో నోటుపుస్తకం పట్టుకుని చిన్నాన్న వెంట మడుల్లోకి వెళ్లాను. నేనెందుకొచ్చానో విని ఆయన ఆగి నావైపు చూశాడు. "ఏటమ్మా, ఉప్పుని అద్దాల బీరువాలో ఎట్టి సూపిత్తారా?"

ఆయన గట్టు మీద నడుస్తూ చెప్పింది నేను ఇన్నేళ్ల చదువులో ఎక్కడా అంత స్పష్టంగా వినలేదు. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అవన్నీ మనం తినే ఉప్పు కాదు. ఆ నీటిని ఒక మడిలోంచి మరో మడిలోకి వదులుతూ ఎండకూ గాలికీ ఇస్తారు. చిక్కబడుతున్న కొద్దీ ముందు సున్నపు రాయి లాంటివీ జిప్సమూ అడుగున దిగిపోతాయి. చిక్కదనాన్ని చెప్పే బోమే కొలతలో 25 డిగ్రీలు వచ్చేసరికి ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. 30 దాటనిస్తే మెగ్నీషియం కలిసి చేదెక్కుతుంది, కాబట్టి ఈలోపే ఉప్పు లాగేసి మిగిలిన చేదు నీళ్లు వదిలేయాలి. ఒకదాని పక్కన ఒకటి వేసిన ఆ మడులు నిజానికి ఒక జల్లెడ. దేన్ని ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు కట్టిన జల్లెడ. నీళ్లు తోడడానికి మోటార్లొచ్చాయి గానీ, వాటిని ఇగిర్చే పని ఇప్పటికీ సూర్యుడిదే.

చిన్నాన్న దగ్గర ఆ చిక్కదనం కొలిచే గొట్టం ఉంది, దాన్ని ఎప్పుడో తప్ప తియ్యడు. వేళ్ల మధ్య నీటిని రాసి చూస్తాడు, మడి మీద తెట్టె వైపు చూస్తాడు. "నీరు పండింది" అంటాడు. వరి పండినట్టే.

అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసింది నేల. కాలం మొదట్లో బంకమట్టిని తడిపి రోజుల తరబడి కాళ్లతో తొక్కుతారు. చుక్క కిందికి దిగకూడదు, ఉప్పు లాగేటప్పుడు మట్టి పైకి లేవకూడదు. సిమెంటు లేదు, ప్లాస్టిక్ పరుపు లేదు. పాదాల బరువే పనిముట్టు.

నా పత్రంలో నౌపడ మడికి దాదాపు ప్రతి గడిలోనూ నిండా మార్కులే. పైగా దగ్గర్లోని బీలల్లో, అంటే చిత్తడి నేలల్లో, మేసే గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ తేలినీలాపురం గ్రామంలో చెట్ల మీద గూళ్లు కడతాయి. ఊళ్లో వాటిని సైబీరియా పక్షులంటారు. నిజానికి ఆ రెండూ సైబీరియా నుంచి రావు. అంత దూరం నుంచి వచ్చిన అతిథులని నమ్మి ఊరివాళ్లు తమ పెరటి చెట్లు వాటికి వదిలేశారు. దానికీ ఒక మార్కు వేశాను.

సాయంత్రం చిన్నాన్న అరుగు మీద కూర్చుని మడమలకు ఆముదం రాసుకుంటుంటే ఆ పగుళ్లు చూశాను. ఉప్పునీళ్లలో మానని పగుళ్లు. ఆయన కొడుకు హైదరాబాదులో తాపీ పని చేస్తున్నాడు. ఇక్కడి కూలికి ఇల్లు నడవదని వెళ్లాడు. వేసవి చివర్లో ఒక్క అకాల వాన పడితే కుప్ప మీద కప్పిన తాటాకులు ఆపగలిగింది కొంచెమే. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి గురించి పిన్ని ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతుంది. 2023లో ఈ మండలంలోనే మూలపేట పోర్టుకు శంకుస్థాపన అయింది. ఈ మడుల్ని ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఎవరు తొక్కుతారో చిన్నాన్నకు తెలియదు.

నా పత్రంలో పాదాలకు గడి లేదు. ఆ తప్పు నాది. తొక్కేవాడు నిలవలేని చోట పనితనం నిలుస్తుందని రాయడం అబద్ధం రాయడమే. లండన్ తిరిగొచ్చాక రెండు గడులు చేర్చాను. ఈ పనికి ఎవరి ఒళ్లు అరుగుతోంది, వాళ్లకు ఎంత ముడుతోంది. మా వాళ్లలో కొందరు ఇది డిజైన్ విషయం కాదన్నారు. మూడు సమావేశాలు వాదించాను. ఇంకా వాదిస్తాను.

ఇక ఏ వస్తువు అన్న ప్రశ్న. ఉప్పును అద్దాల వెనక పెట్టడం నిజంగానే కష్టం. గాలిలో తేమ 75 శాతం దాటితే అది కరిగి నీరవుతుంది. పాత కుండల్లో ఇంకిన ఉప్పు పైకి ఉబికి వాటిని పెచ్చులు పెచ్చులుగా రాల్చేస్తుంది కాబట్టి మ్యూజియంలో వస్తువుల్ని కాపాడేవాళ్లకు దాని పేరంటేనే భయం. అందుకని ఉప్పు వద్దనుకున్నాను. నేలను చూపిద్దాం అన్నాను. ఒక మడి, నిజంగా తొక్కినది. తొక్కేది చిన్నాన్న. లండన్ పనివాడికి ఇచ్చే కూలే ఆయనకూ ఇవ్వాలని ఖర్చుల పట్టికలో మొదటి వరసలో రాశాను.

ప్రత్యేక అనుమతి లేకుండా మన దేశపు మట్టిని బ్రిటన్‌లోకి రానివ్వరు. ఆ మాట ఫోన్లో చెబితే చిన్నాన్న అడిగాడు, "మరక్కడ మట్టి నేదా?"

ఉంది. లండన్ నగరం కూర్చున్నదే బంకమట్టి మీద. మా వీధి చివర పునాది తవ్వుతుంటే అడిగి ఒక బకెట్టు తెచ్చాను. వీడియోలో ఉండ చేసి చూపించాను. నీలం ఛాయ ఉన్న బూడిదరంగు మట్టి.

"రంగుదేటుంది. నీల్లోసి సూడు. తెల్లారేసరికి నిలిస్తే అప్పుడు మాటాడదాం."

అడుగున చిల్లున్న పూలకుండీ ఒకటి తీసుకుని లోపలంతా ఆ మట్టి మెత్తాను. బొటనవేళ్లతో చాలాసేపు నొక్కాను. నిండా నీళ్లు పోసి, ఎక్కడిదాకా ఉన్నాయో పెన్సిలుతో గీత గీసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే కుండీ కింద పళ్లెం పొడిగా ఉంది. నీళ్లు గీతకు వెంట్రుకవాసి కిందుగా నిలబడి ఉన్నాయి. ఫొటో తీసి నౌపడకు పంపాను.