గాలికి వీపు పెట్టి

మా ఊరి దేవుడు గాలి. పంచభూత లింగాల్లో కంచిది పృథ్వి, జంబుకేశ్వరానిది నీరు, అరుణాచలానిది అగ్ని, చిదంబరానిది ఆకాశం, శ్రీకాళహస్తిది వాయువు. గాలి చొరబడే దోవ లేకపోయినా గర్భగుడిలో ఒక దీపం ఎప్పుడూ అల్లాడుతూనే ఉంటుందని, అది స్వామి ఊపిరేనని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. నాకు మాత్రం చిన్నప్పుడు బయటి గాలే బాగా తెలుసు. ఆడి నెల వచ్చిందంటే ఎండిన స్వర్ణముఖి ఇసకంతా లేచి ఊళ్ళోకి వచ్చేది. పెరుగన్నంలో ఇసక, పక్కబట్టల్లో ఇసక, బడికి పోతే పుస్తకాల సందుల్లో ఇసక. వాకిట్లో ఆరేసిన ఒడియాల మీద పాత పంచె కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టడం పిల్లల పని. రాయి జారితే తిట్లు మాకే.

దుమ్ముతో ఎట్లా బతకాలో మా అవ్వకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని అప్పట్లో నా నమ్మకం. వాకిలి ఊడ్చే ముందు నీళ్ళు చల్లాల్సిందే. మా అమ్మ తొందరలో పొడి నేల మీద చీపురు పెడితే, “నీళ్ళు జల్లకుండా పరక పట్టుకున్నావంటే చెయ్యి ఇరుగుద్ది” అని అరుగు మీది నుంచే కేకేసేది. కళ్ళంలో వడ్లు తూర్పారబట్టేటప్పుడు చేట ఎత్తబోయే ముందు చిటికెడు మన్ను తీసి వదిలేది. అది ఏ పక్కకు పోతుందో చూసి, గాలికి వీపు పెట్టి నిలబడేది. “గాలికి మూతి చూపించగూడదు రా అబ్బోడా, వీపు చూపించాల” అనేది. కళ్ళం పని నుంచి వచ్చినా ఆమె ముక్కు శుభ్రంగానే ఉండేది.

ఆ తెలివి చెనక్కాయల మిల్లులో పనికి రాలేదు.

మాది వేరుశనగ సీమ. కాయ కోత అయ్యాక కొన్ని నెలలు రైల్వే స్టేషను దోవలో ఉన్న ఒక మిల్లుకు అవ్వ, మా చిన్నమ్మ కూలికి పోయేవాళ్ళు. సెలవు రోజుల్లో కూటి క్యారియరు పట్టుకుపోయేది నేనే. రేకుల షెడ్డు. ఒక మూల కాయ కొట్టే మిషను. పైనుంచి గంపలతో కాయ పోస్తే, కింద జల్లెడ మీద నలిగి, ఫ్యాను గాలికి పొట్టు ఒక పక్కకు ఎగిరిపోయి విత్తనం ఇంకో పక్కకు రాలేది. ఆ ఫ్యానే అసలు సంగతి. కళ్ళంలో గాలి మనిషి పక్షాన ఉండేది. ఇక్కడ నాలుగు గోడల మధ్య తిరిగి తిరిగి, పోయిన దుమ్మునే మళ్ళీ వెనక్కి తెచ్చేది. వీపు పెట్టడానికి దిక్కంటూ ఒకటి ఉంటే కదా!

నేలమీద వరసగా కూచుని ఆడవాళ్ళు విత్తనాలు ఏరుతుండేవాళ్ళు. పుచ్చువి, ముడుచుకుపోయినవి, ఆకుపచ్చ బూజు పట్టినవి పక్కకు తీయాలి. పాత చీర చింపి, రెండు మూడు మడతలు వేసి, ముక్కూ మూతీ కలిపి వెనక ముడేసుకునేవాళ్ళు. కళ్ళు మాత్రమే కనిపించేవి. కనురెప్పల వెంట్రుకలు ఎర్రగా ఉండేవి. ఎవరు అవ్వో ఎవరు చిన్నమ్మో గాజుల్ని బట్టి పోల్చుకోవాల్సి వచ్చేది. కొందరు మగవాళ్ళయితే తుండుగుడ్డ తడిపి కట్టుకునేవాళ్ళు. అది ఎండిపోగానే గట్టిపడి మూతికి గీసుకునేది.

మధ్యాహ్నం మిషను ఆపేవాళ్ళు. దడదడ ఆగిన కాసేపటికి షెడ్డులో గాలి తేటపడేది. “దుమ్ము అణిగింది, తినండమ్మా” అనేవాడు మేస్త్రీ. అందరూ ముడులు విప్పి, గుడ్డలు దులిపి, అక్కడే కూచుని సంగటి తినేవాళ్ళు. నేనూ వాళ్ళ మధ్యే కూచుని వేయించిన చెనక్కాయలు నములుతుండేవాణ్ణి.

మేస్త్రీ అన్న ఆ మాట గురించి చాలా ఏళ్ళ తర్వాత ఆలోచించాను. అణిగింది కంటికి కనిపించే దుమ్ము. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పెద్ద నలుసులు నిమిషాల్లో నేలకు దిగుతాయి. ఒకవేళ లోపలికి పోయినా ముక్కులోనో గొంతులోనో చిక్కుకుని తుమ్ముగానో కళ్ళెగానో బయటపడతాయి. ఒకటి రెండు మైక్రాన్ల ధూళి అట్లా కాదు. కదలని గాలిలో కూడా గంటల తరబడి తేలుతుంది. కంటికి ఆనదు, తుమ్ము తెప్పించదు. నేరుగా ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయి కూచుంటుంది. మా వాళ్ళు గుడ్డ కట్టుకున్నది మొదటి రకానికి. రెండో రకం షెడ్డులో నిండుగా ఉన్న వేళే గుడ్డ విప్పేవాళ్ళు. అదీగాక చీర పేలిక నేతలో పోగుకూ పోగుకూ మధ్య ఉండే సందు ఆ సన్న ధూళికి పెద్ద వాకిలి. చెనక్కాయ పొట్టులో బూజు కణాలు కూడా ఉంటాయి. విత్తనాన్ని విషం చేసే ఆ బూజును ఏరి పారేస్తున్న చేతుల పైనే వాళ్ళ ముక్కులు ఉండేవి.

అవ్వకు ముసలితనంలో దగ్గు పట్టుకుంది. ఆసుపత్రిలో క్షయ అనుకుని కళ్ళె పరీక్షలు చేశారు, ఏమీ తేలలేదు. అప్పట్లో మా వైపు దగ్గంటే ముందు గుర్తొచ్చేది క్షయే. ఏం పని చేసేదానివని అడిగిన వాళ్ళు లేరు. ఇంట్లో కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకునేది. మా వీధిలో కలంకారీ వేసే ఇంట్లో అదే కరక్కాయను దంచుతుంటే, బట్టకు పాలతో కలిపి పట్టించే ఆ పొడి గాలికి లేచి మాకు దగ్గొచ్చేది. నలిగి పొడైతే మందు కూడా గొంతుకు అడ్డం పడుతుందని అప్పుడే చూశాను.

పొడైన ప్రతిదీ ఒకే తీరు చెడ్డది కాదు. మా బడిలో సుద్దముక్క దుమ్ము మీద పడుతుందని పిల్లలం తెగ గొడవ చేసేవాళ్ళం; దాని నలుసులు పెద్దవి, మెత్తనివి. అదే బడిలో మా చేతుల్లో ఉన్నవి మార్కాపురం పలకలు. పలకరాయిలో స్ఫటిక సిలికా ఉంటుంది. రాయి కోసేచోట లేచే ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే అక్కడ కండ మచ్చకట్టి గట్టిపడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. వచ్చిందంటే వెనక్కి పోదు. కొయ్య పొడిని కూడా తేలిగ్గా తీసుకోవడానికి లేదు. మా పక్కనే మాధవమాల ఉంది, కొయ్యబొమ్మలకు పేరున్న ఊరు. ఉప్పుకాగితంతో స్వామి బుగ్గలు నునుపు చేస్తుంటే పుట్టే పిండి ముద్దొచ్చేలా ఉంటుంది. కొయ్య ధూళిని క్యాన్సర్ కారకాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది.

2010 మే 26న మా గాలిగోపురం కూలింది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన ఏడంతస్తుల గోపురం. ఊరికి దూరంగా ఉండి టీవీలో చూశాను. గోపురం కూలడం రెప్పపాటులో అయిపోయింది. దాని వెంట లేచిన ఇటుక, సున్నం దుమ్ము ఆ తర్వాత తెరంతా కమ్మేసింది. మా అమ్మ ఫోనులో ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను కానీ, ఆ రాళ్ళూ మట్టీ ఎత్తబోయే కూలీలు మూతులకు ఏం కట్టుకుంటారన్నది కూడా మనసులో తిరుగుతూనే ఉంది. 2017 నాటికి కొత్త గోపురం లేచింది.

మూతికి కట్టుకునే గుడ్డకూ ఒక చరిత్ర ఉంది. 1910–11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినప్పుడు వు లియెన్ తే అనే వైద్యుడు గాజుగుడ్డ పొరల మధ్య దూది పెట్టి, తల వెనక ముడేసుకునే మాస్కును అందరికీ అలవాటు చేశాడు. చూడ్డానికి అది మా అవ్వ కట్టుకున్న దానికి దగ్గరి చుట్టమే. ఇప్పటి ఎన్ 95 మాస్కు వేరే జాతిది. అందులోని సన్నటి ప్లాస్టిక్ పోగులకు విద్యుదావేశం ఎక్కించి ఉంటారు. కొప్పులోకి సాంబ్రాణి పొగ పట్టినట్టు ధూళి ఆ పోగులకు అంటుకుపోతుంది. పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన 0.3 మైక్రాన్ల నలుసుల్లో కూడా 95 శాతం ఆగితేనే ఆ పేరు. ఉతికితే ఆ ఆవేశం పోతుంది, మిగిలేది ఉత్త గుడ్డే. చెవులకు తగిలించుకునే దానికన్నా తల చుట్టూ రెండు పట్టీలు ఉన్నది బిగువుగా పడుతుంది. గడ్డం పెంచుకుంటే అంచు దగ్గర సందు పడుతుంది, గాలి ఆ సందులోంచే పోతుంది. రంగు వాసన, కిరసనాయిలు వాసన దీనితో ఆగవు. కరోనా కాలంలో కలంకారీ గుడ్డతో కుట్టిన మాస్కులు వచ్చాయి. అందంగా ఉన్నాయి, నేనూ కొన్నాను. అవి కట్టుకుని బండలు కోయడానికి కూచుంటే మాత్రం చీర పేలికతో సమానమే.

ఎంత మంచి మాస్కయినా అది చివరి అడ్డు. దుమ్ము పుట్టే చోటే దాన్ని లాగేసే ఏర్పాటు చేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షను చెప్పింది. మా అవ్వ మిల్లుకు పోయే నాటికే ఆ చట్టం పాతబడింది. ఆ షెడ్డులో కిటికీ కూడా లేదు. పొట్టు బయటికి పోవడానికి మాత్రం పెద్ద గొట్టం ఉండేది, ఎందుకంటే పొట్టు అమ్ముడుపోయేది.

ఇప్పుడు మా ఊరు తిరుపతి జిల్లాలో ఉంది. ఏ వీధిలో చూసినా ఇంటిపని, ఏ ఇంట్లో చూసినా గ్రానైటు, టైల్సు కోసే మిషను గీ అంటుంటుంది. కోసే కుర్రవాడి మూతికి బనీను గుడ్డ. ఇల్లు కట్టుకునేవాళ్ళకు నాదొక మనవి. మేస్త్రీతో బేరం మాట్లాడుకునేటప్పుడే మాస్కుల ఖర్చు కూడా కలిపి మాట్లాడండి. వరండాలో కాకుండా బయట, బ్లేడు మీద నీళ్ళు పడేటట్టు పెట్టి కోయమనండి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. మాస్కు కొనేటప్పుడు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 9473 ముద్ర, ఎన్ 95కు దగ్గరి తరగతైన ఎఫ్ఎఫ్‌పి 2 అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూసి కొనండి.